తప్పు చెప్పి రాసుకున్న కూరలు

నా చిన్నప్పుడు వంటకి పుస్తకం ఉంటుందంటే మా కాంపౌండులో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. అమ్మ పక్కన నిలబడి చూసి నేర్చుకోవాలి గానీ, చదివి వండుతారా ఎక్కడైనా అనేవాళ్లు. మాది గోదావరి జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రి. నాన్న అక్కడ కాంపౌండరు. ఆసుపత్రి వెనకాల వరుసగా పెంకుటిళ్లు, ఇంటికో అరుగు. అందరం ఒకే చర్చికి పోయేవాళ్లం, ఒకే బావిలో నీళ్లు తోడుకునేవాళ్లం. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాసనను బట్టే తెలిసిపోయేది.

ఒక ఏడాది వేసవిలో పిల్లల వార్డుకి కొత్త మంచాలు కావాల్సి వచ్చాయి. ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మని మేమంతా దొరసానమ్మ అనేవాళ్లం. వాళ్ల దేశంలో ఇలాంటి అవసరం వస్తే చర్చి ఆడవాళ్లు తలా ఒక వంట రాసిస్తారనీ, అవన్నీ పుస్తకంగా అచ్చువేసి అమ్ముతారనీ ఆవిడ చెప్పింది. స్త్రీల సమాజం వాళ్లు ముందు నవ్వారు, తర్వాత పట్టుదలగా దిగారు. వంటలు పోగుచేసే పని మా పక్కింటి అక్క మీద పడింది. అక్క అప్పుడు నర్సింగ్ చదువుతోంది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నన్ను వెంట తిప్పుకునేది. అక్క అడుగుతుంది, వాళ్లు చెబుతారు, నేను రాస్తాను.

అందరూ చెప్పారు, చివరింటి మామ్మ తప్ప. మామ్మ ఒక్కతే ఉండేది. మామిడికాయల కాలంలో ఆవిడ మెత్తళ్ల కూర వండితే ఆ చిన్న చేపల వాసనకి నైట్ డ్యూటీ చేసి నిద్రపోతున్న నర్సులు కూడా లేచి కూర్చునేవాళ్లు. గిన్నె పట్టుకొచ్చిన వాళ్లకి కాదనకుండా పెట్టేది. కానీ ఎలా వండుతావు మామ్మా అని అడిగితే మాత్రం మాట మార్చేది. సమాజం పెద్దలు వెళ్లి అడిగారు. పాస్టరుగారి భార్య వెళ్లి అడిగింది. "తినడానికి రండి, రాసుకోడానికి రావద్దు," అని పంపేసింది. ఆవిడకి గర్వమని కొందరన్నారు. మామ్మ ఆ తర్వాత ఆదివారం చర్చిలో అందరికీ దూరంగా, వెనక గోడ దగ్గర కూర్చోవడం నాకు గుర్తు.

అక్క మాత్రం అడగడానికి వెళ్లలేదు. ఒక మధ్యాహ్నం నన్ను తీసుకుని మామ్మ అరుగు మీద కూర్చుంది. తలుపు తీసే ఉంది, లోపల మామ్మ గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అక్క కొంచెం గొంతు పెంచి నాకు చెప్పడం మొదలుపెట్టింది. "రాసుకో. మెత్తళ్లు మామిడికాయ కూర. ముందు మూకుడులో నూనె కాగాక ఉల్లిపాయలు ఎర్రగా వేయించాలి. తర్వాత మెత్తళ్లు వేసి గరిటెతో బాగా కలియబెట్టాలి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరి కూరే అది?" అంది మామ్మ గుమ్మంలోకి వచ్చి.

"మీదే మామ్మా. మీరు ఎలాగూ చెప్పరు కదా. మాకు తోచినట్టు రాసి పైన మీ పేరు వేస్తున్నాం."

"మెత్తళ్లని గరిటె పెట్టి కలియబెడతారా? ముద్దయిపోదూ? మూకుడేంటి అసలు, మట్టి దాకలో కదా వండాలి." మామ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని మా ఎదురుగా చతికిలబడింది. "కొట్టెయ్యవే ఆ రాసిందంతా. నేను చెబుతా."

ఆ తర్వాత నా చెయ్యి నొప్పి పుట్టేదాకా చెప్పింది. మెత్తళ్ల తలలు గిల్లి, ఉప్పేసి రుద్ది కడగాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కారం, పసుపు, నూనె అన్నీ పచ్చివే దాకలో వేసి చేత్తో పిసకాలి. మామిడికాయ మరీ పుల్లనిదైతే చెక్కు మందంగా తీయాలి. ఉడికేటప్పుడు గరిటె పెట్టకూడదు, గుడ్డతో దాక అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. చెబుతూ చెబుతూ లేచి, లోపలి నుంచి ఖాళీ దాక తెచ్చి తిప్పి చూపించింది. అంత మాట్లాడటం నేను ఆవిడ దగ్గర ఎప్పుడూ వినలేదు. వాళ్ల అత్తగారి గురించి చెప్పింది, ఉప్పుటేరు పక్కన వాళ్ల ఊరి గురించి చెప్పింది. చివర్లో అక్క అంతా చదివి వినిపించింది. మామ్మ కళ్లు మూసుకుని వింది, ఒక్కచోట ఆపి ఉప్పు సంగతి సరిచేసింది. పేరు ఎలా వేయమంటారని అక్క అడిగింది. తక్కిన ఆడవాళ్లంతా ఫలానా వారి భార్య అనో, ఫలానా వారి తల్లి అనో వేయించుకున్నారు. మామ్మ కాసేపు ఆలోచించి తన పేరే చెప్పింది. ఆవిడకొక పేరుందని నాకు ఆ రోజే తెలిసింది.

తిరిగి వస్తుంటే నాకు సందేహం వచ్చింది. అబద్ధం చెప్పకూడదని ఆదివారం బడిలో చెబుతారు కదా అని అక్కని అడిగాను. అక్క కోప్పడలేదు. "అందరూ వెళ్లి ఇవ్వమన్నారు. ఆవిడకి మిగిలింది ఆ కూర ఒక్కటే, అది కూడా ఇమ్మంటే ఎలా ఇస్తుంది? నేను ఇవ్వమనలేదు, తప్పు చెప్పాను. తనది తాను సరిచేసుకుంది, అంతే," అంది. మరికాస్త దూరం నడిచాక ఇంకో మాట కూడా చెప్పింది. తప్పు కూర గురించే చెప్పాలట, మనిషి గురించి చెప్పకూడదట. వాళ్లు సరిచేసిన వెంటనే మన తప్పుని వాళ్ల ఎదురుగానే కొట్టేయాలట. అప్పుడు నాకు సగమే అర్థమైంది. కానీ పుస్తకం అచ్చై వచ్చిన ఆదివారం మామ్మ ముందు వరుసలో కూర్చుంది. చదువురాని మామ్మ ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తన పేరున్న పేజీ దగ్గర వేలు ఉంచి, ప్రసంగమంతా వింది.

నేను కూడా నర్సునయ్యాను. పెళ్లయ్యాక దుబాయ్ వచ్చాను. షార్జాలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగమంతా అయిపోయి, ఇప్పుడు బర్ దుబాయ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. మావారు పోయి చాలా కాలమైంది. ఇన్నేళ్లలో నేను మోజుగా కూడబెట్టుకున్నది వంట పుస్తకాలే. కొట్లలో మెరిసే అట్టలతో దొరికేవి కాదు. చర్చిలవాళ్లు, బడిపిల్లల తల్లులు, ఊరి సంఘాలవాళ్లు ఏదో ఒక మంచి పనికోసం తలా ఒక వంట రాసి వేసుకున్నవి. మలయాళీ చర్చి కోతల పండగలో కొన్నది ఒకటి, మంగళూరు వాళ్లది ఒకటి, గోవా వాళ్లది, లాహోర్ ఆడవాళ్లది, నాతో పనిచేసిన ఫిలిప్పీన్ నర్సులు జిరాక్సు తీసి తీగతో కుట్టింది ఒకటి. నాకు రాని భాషలో ఉంటే ఆ భాష వచ్చిన పొరుగింటివాళ్ల చేత చదివించుకుంటాను. ఆ పుస్తకాల్లో కొలతలు ఒక్కచోట సరిగ్గా ఉండవు. ఒకావిడ పిడికెడు అంటుంది, ఒకావిడ సరిపడినంత అంటుంది, మరొకావిడ మా అమ్మకి ఫోన్ చేసి అడిగాను, ఆవిడకీ తెలియదట అని రాసేసింది. నాకు అవే ఇష్టం.

కరోనా వచ్చిన ఏడాది ఉద్యోగాలు పోయి ఎన్నో కుటుంబాలు ఉన్నపళంగా ఊళ్లకి వెళ్లిపోయాయి. విమానంలో పట్టని సామాను మా బిల్డింగు కింద లిఫ్టు పక్కన వదిలి వెళ్లేవాళ్లు. కుక్కర్లు, పిల్లల సైకిళ్లు, అట్టపెట్టెల నిండా పుస్తకాలు. ఆ పెట్టెల్లో నాకు ఇలాంటివి చాలానే దొరికాయి. పసుపు మరకలతో, అంచుల్లో పెన్సిలు రాతలతో ఉండేవి. డెట్టాలు గుడ్డతో తుడిచి ఎండలో పెట్టి లోపలికి తెచ్చుకునేదాన్ని. ఇల్లంతా ఇవేనా అని మా అల్లుడు నవ్వేవాడు గానీ, కొత్త అర కొట్టించింది కూడా అతనే.

ఆ తర్వాత రెండేళ్లకో ఏమో, ఈ దేశపు తూర్పు తీరాన వానలు ఎప్పుడూ లేనట్టు పడ్డాయి. కల్బాలో కొట్లలో, కట్టడాల్లో పనిచేసే మనవాళ్ల గదుల్లోకి కొండల మీది నీళ్లు దిగి పరుపులు, పొయ్యిలు, బట్టలు అన్నీ పోయాయి. మా చర్చి స్త్రీల సమాజం కూర్చుంది. ఈ దేశంలో ఎవరికి వాళ్లు చందాలు వసూలు చేయకూడదు, అనుమతి ఉన్న దాతృత్వ సంస్థ ద్వారానే చేయాలి. అలాంటి సంస్థ ఒకటి ఒప్పుకుంది. ఏం చేద్దామంటే, నేను వంట పుస్తకం అన్నాను. ఇన్ని పుస్తకాలు పోగేశారు కదా ఆంటీ, మనదీ మీరే చూడండి అన్నారు. డెబ్బైకి దగ్గర పడుతున్న నేను మళ్లీ ఇంటింటికీ బయలుదేరాను.

కల్బాలో నాకొక అమ్మాయి ఉంది. కూతురు కాదు గానీ, నా వార్డులో నా చేతికింద పని నేర్చుకుంది. అక్కడ ఒక క్లినిక్కులో నర్సు. ఆమె భర్త సిమెంటు, ఇనుము అమ్మే కొట్లో పనిచేసేవాడు. మంచి వంటగాడు. శుక్రవారం కొట్టు మూస్తే చుట్టుపక్కల గదుల్లో ఒంటరిగా ఉండే మగవాళ్లందరినీ పిలిచి వంజరం చేపల పులుసు వండిపెట్టేవాడు. నేనూ ఒకసారి తిన్నాను. అందులో ఏదో వింత పులుపు ఉంది, అదేమిటో నాకు అంతుపట్టలేదు. అడిగితే నవ్వేశాడు. కరోనా మొదట్లోనే అతను పోయాడు. ఊరికి పంపే దారి లేక ఇక్కడే సమాధి చేశారు. ఆ అమ్మాయి పీపీఈ సూటులోనే దూరంగా నిలబడి చూసింది. అప్పటి నుంచి డ్యూటీ మానలేదు, పాపని బడికి పంపడం మానలేదు, కానీ అతని మాట ఎత్తడం మానేసింది. మేమెవరం ఎత్తినా లేచి వెళ్లిపోయేది.

నా కూతురు కారు నడుపుతుంటే కొండల్లోంచి సొరంగాలు దాటి కల్బా చేరాం. ఆ అమ్మాయి ఇంటి గోడ మీద నీళ్లొచ్చిన చార ఇంకా కనిపిస్తూనే ఉంది. వంటింట్లో పొయ్యి మిలమిల మెరుస్తోంది, వాడకం లేక. బల్ల మీద ఖుబూస్ రొట్టెలు, పెరుగు డబ్బా. "మా ఇద్దరికీ ఇది చాలు ఆంటీ," అంది. పాప గోడవారగా కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. తండ్రి పోయేనాటికి నాలుగేళ్లది. టీ కప్పు అందిస్తూ ఆ అమ్మాయే మెల్లగా చెప్పింది, వాళ్ల నాన్న ఎలా మాట్లాడేవాడో పాపకి ఇప్పుడు గుర్తులేదట.

పుస్తకం సంగతి చెప్పి, అతని పులుసు కావాలన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఖలాస్ ఆంటీ. ఆ వంటలన్నీ అయిపోయాయి."

అప్పుడు నాకు మామ్మ అరుగు గుర్తొచ్చింది. ఒక్క క్షణం వెనకాడాను కూడా. మామ్మది ఒంటరితనం, ఇది పచ్చి పుండు. అయినా కాగితం తీసి, నాలో నేను అనుకుంటున్నట్టే పైకి చెప్పుకుంటూ రాశాను. "నేను తిన్నాను కదా, గుర్తున్నంత వరకు రాస్తాను. వంజరం ముక్కలు, ఉల్లిపాయ, నాలుగు టమాటాలు, చింతపండు రసం..." అని ఆగాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఏదో ఒకటి రాసుకోండి ఆంటీ," అంది. గొంతులో విసుగు కూడా లేదు. పాప మాత్రం బొమ్మ వేయడం ఆపి నా వైపు చూసింది.

నేను ఇంక అడగకుండా కాగితం మడిచి పెట్టుకున్నాను. కాసేపు ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసి బయలుదేరాను. కారులో నా కూతురు, "నువ్వు అడక్కుండా ఉండాల్సిందేమో అమ్మా," అంది. నాకూ అలాగే అనిపిస్తోంది. అంతలో ఫోన్ మోగింది.

"ఆంటీ, ఆయన పులుసులో టమాటా వెయ్యడు."

నేను ఊ అన్నాను, అంతే. అంతకంటే మాట్లాడితే ఆగిపోతుందేమోనని భయం.

"చింతపండు కూడా కాదు. చేపల మార్కెట్టు పక్క కొట్లో ఎండు నిమ్మకాయలు దొరుకుతాయి చూడండి, నల్లగా, గట్టిగా. ఇక్కడివాళ్లు లూమి అంటారు. అవి వేసేవాడు. పాప అడిగింది, నాన్న నల్ల కాయలు వేసేవాడు కదమ్మా, ఆంటీ తప్పు రాసుకుని వెళ్లిపోయింది అని..."

అక్కడ సొరంగం వచ్చింది, ఫోన్ తెగిపోయింది. అవతలికి రాగానే నా కూతురు బండి పక్కకి తీసి ఆపింది. నేను చేసేలోగా ఆమే మళ్లీ చేసింది. రోడ్డు పక్కన ఎర్రటి కొండల కింద కూర్చుని చాలాసేపు విన్నాను. పులుసు గురించి చెప్పింది కొంచెమే. ఆ నిమ్మకాయల సంగతి అతనికి ఒక అరబ్బు చేపలాయన చెప్పాడట. మొదటిసారి వండినప్పుడు చేదెక్కిపోతే గదుల్లో మగవాళ్లంతా మొహమాటపడి తినేశారట. ఆ మాట చెప్పి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "మీరు రాసింది కొట్టేశారా?" అని అడిగింది. కొట్టేశానని చెప్పి, కాగితం మీద నిజంగానే కొట్టేశాను.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె నుంచి వాట్సాప్‌లో గొంతు మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. నిమ్మకాయకి చిల్లులు పొడిచి వేడినీళ్లలో నానబెట్టాలి. కాదు, రెండుగా చేసి గింజలు తీసెయ్యాలి, గింజల వల్లే చేదు. ధనియాలు వేయించాలో లేదో గుర్తు రావడం లేదు, అతని స్నేహితుణ్ణి అడుగుతాను. ఇలా తనే చెప్పి, తనే సరిచేసుకునేది. చివరికి ఒక శనివారం వచ్చిన మెసేజ్‌లో, "చెబుతుంటే నాకే అనుమానం వచ్చింది ఆంటీ, అందుకని వండి చూశాను," అంది. వెనక నుంచి, ఇంకొంచెం పులుసు వెయ్యమ్మా అని పాప గొంతు వినిపించింది.

పుస్తకంలో పేరు ఎలా వేద్దామని అడిగాను. అతని పేరే వేయమంది. మా సమాజంలో ఒకరు పేరు ముందు కీర్తిశేషులు అని చేర్చారు. ప్రూఫు చూసి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "వంట చేసే మనిషి పేరు ముందు ఆ మాట ఎందుకు ఆంటీ, తీసేయండి," అంది. తీయించేశాను. పుస్తకం చర్చి ఆవరణలో అమ్మిన రోజు తల్లీ కూతుళ్లిద్దరూ వచ్చి బల్ల దగ్గర నిలబడ్డారు. ఆ పులుసు కూడా ఒక పెద్ద గిన్నెతో తెచ్చారు. కొనడానికి వచ్చిన వాళ్లందరికీ పాపే చెప్పింది, ఇది మా నాన్న కూర అని. కల్బా గదులకి కొత్త పరుపులు, పొయ్యిలు చేరాయి. ఆ గదుల్లో కొందరు ఆ పులుసు వండుకుని ఫోటోలు పంపారు. శుక్రవారాలు ఆ అమ్మాయి ఇంట్లో మళ్లీ మనుషులు కూర్చుంటున్నారు.

మా పక్కింటి అక్క ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. నర్సింగ్ అయ్యాక వేరే జిల్లాకి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం ఆవిడ నాకు నేర్పింది ఒక కిటుకు అనుకున్నాను చాలాకాలం. నర్సు పనిలో ఎన్నోసార్లు అక్కరకొచ్చింది కూడా. మౌనంగా పడుకున్న రోగిని మీకెలా ఉంది అని అడిగితే పలకరు, మీ ఊళ్లో వరి పండదనుకుంటాను అంటే లేచి కూర్చుంటారు. కానీ కల్బా నుంచి తిరిగొచ్చిన రోజే దాని అసలు సంగతి నాకు తెలిసింది. తప్పు చెప్పడం చిన్న పని. చెప్పాక నోరు మూసుకుని, వాళ్లంతట వాళ్లు వచ్చేదాకా ఆగాలి, వస్తే చోటివ్వాలి. ఆ రోజు అరుగు మీద అక్క చేసింది అదే.

మొన్న మా అంతస్తులోకి ఒక పెద్దావిడ వచ్చింది. కరీంనగర్ వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చింది. పొద్దంతా కారిడార్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, ఎవరితోనూ మాట కలపదు. నేను నా కుర్చీ కూడా తెచ్చుకుని పక్కన వేసుకున్నాను. కాసేపయ్యాక, వాళ్ల వైపు బియ్యప్పిండితో చేసే రొట్టె గుర్తొచ్చి, "సర్వపిండిలో శనగపప్పు వెయ్యరనుకుంటానండీ," అన్నాను.

కింద రోడ్డు మీద బస్సులు పోతున్నాయి, ఇద్దరం వాటినే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి ఆవిడ నా వైపు తిరిగింది.

"గట్లని నీకెవలు చెప్పిండ్రమ్మా?" అంది.